పాత ఇంటి మరమ్మతుకు ప్రభుత్వ సాయం: మంజూరు పత్రం వచ్చేదాకా పెంకు కదపకండి

దరఖాస్తు ఇచ్చేశాం కదా, వానలు పడేలోపు కప్పు సంగతి చూద్దామని పెంకులన్నీ దింపించేసిన ఒక కుటుంబాన్ని చూశాను. పరిశీలనకు వచ్చిన ఇంజనీరుకు చూపించడానికి పాత కప్పు లేదు. వాసాల్లో ఎన్ని పుచ్చాయో, ఎన్ని గట్టిగా ఉన్నాయో చెప్పే ఫొటో ఒక్కటీ లేదు. ఫైలు అక్కడే ఆగిపోయింది. ఇల్లు కూలిపోతుందేమోనని తొందరపడటం తప్ప వాళ్ళు చేసిన పాపం ఏమీ లేదు. మరొకరికి అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

చారిత్రక పట్టణాల్లోని సంప్రదాయ ఇళ్ళ పునరుద్ధరణకు కొన్నిచోట్ల నేరుగా గ్రాంటు ఇస్తారు, కొన్నిచోట్ల తక్కువ వడ్డీకి రుణం, కొన్నిచోట్ల పన్ను రాయితీ. నిబంధనలు వేరైనా దరఖాస్తు నడిచే దారి ఇంచుమించు ఒకటే.

మీ ఇల్లు రక్షిత ప్రాంతం హద్దుల్లోకి వస్తుందా, వారసత్వ కట్టడాల జాబితాలో ఉందా అన్నది ముందు స్థానిక పురపాలక కార్యాలయంలో అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. జపాన్‌లో సాంస్కృతిక సంపద రక్షణ చట్టాన్ని 1975లో సవరించాక ఇలాంటి ప్రాంతాలను స్థానిక సంస్థలే నిర్ణయిస్తున్నాయి, కేంద్రం సాయం కూడా వాటి ద్వారానే యజమానికి చేరుతుంది. అలాగే సాయం ఏ రకం ఇంటికి అన్నది చదవకుండా ఆశ పెట్టుకోవద్దు. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే 20 శాతం పన్ను క్రెడిట్ (పునరుద్ధరణ ఖర్చులో అంత మేర పన్నులో తగ్గింపు) ఆదాయం తెచ్చే భవనాలకు మాత్రమే. యజమాని స్వయంగా కాపురముంటున్న ఇంటికి అది వర్తించదు.

హక్కు పత్రాల విషయం మీకు తెలిసిందే. ఇల్లు ఉమ్మడిగా ఉంటే మిగతా వారసుల సమ్మతి పత్రాలు ముందే తీసుకోండి, మంజూరయ్యే సమయానికి ఒకరు సంతకం పెట్టనంటే అంతా ఆగిపోతుంది. ఒరిజినల్స్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. అధికారికి చూపించి వెనక్కి తెచ్చుకోండి.

ఇక ఎక్కువమంది తడబడేది పనుల వివరణ దగ్గర. ఫారంలో అది ఒక్క పేజీయే, కానీ నిర్ణయమంతా దాని మీదే. ‘పాత స్తంభం తీసి కొత్తది వేయాలి’ అని రాస్తే దాదాపు ఖాయంగా వెనక్కి వస్తుంది. ఎందుకంటే ఈ డబ్బు ఇల్లు కొత్తగా మారడానికి కాదు, అందులో మిగిలి ఉన్న పాతదనం నిలవడానికి. అదే స్తంభం గురించి ఇలా రాయండి: ‘వాకిలికి ఎడమవైపు స్తంభం, నేల నుంచి అడుగు ఎత్తు వరకు చెమ్మకు పుచ్చింది, పైభాగం గట్టిగా ఉంది. పుచ్చినంత మేర కోసి, అదే జాతి చెక్కతో అతుకు వేయాలి. చెమ్మ రాకుండా పునాది పక్కన నీరు నిలవని ఏర్పాటు చేయాలి.’ పక్కన రెండు ఫొటోలు: ఒకటి దూరం నుంచి, ఒకటి స్కేలు ఆనించి దగ్గర నుంచి. ప్రతి గోడకూ, ప్రతి కిటికీకీ ఇలాగే.

గోడ పూత గురించి రాసేటప్పుడు మరింత జాగ్రత్త. సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూత అని రాయవద్దు. పాత గోడ చెమ్మ పీల్చుకుంటుంది, ఆరిపోతుంది. పైన సిమెంటు పొర వేస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, లోపలి ఇటుక ఉప్పు పట్టి పొడిగా రాలిపోతుంది. అధికారులు సున్నమే కావాలని పట్టుబట్టేది అందుకే. సున్నపు పని తెలిసిన మేస్త్రీ దగ్గరే కొటేషన్ తీసుకోండి.

‘ఇక్కడ ఒకప్పుడు చెక్కడపు కిటికీ ఉండేదట’ అన్న మాటకూ సాయం రాదు. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలని చారిత్రక కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయ మార్గదర్శకమైన 1964 నాటి వెనిస్ చార్టర్ చెబుతుంది, పరిశీలించేవాళ్ళు చాలామంది ఆ సూత్రాన్నే పాటిస్తారు. పాత పెళ్ళి ఫొటోలో ఆ కిటికీ వెనక కనిపిస్తుంటే మాత్రం దాన్ని తప్పక జతచేయండి. అది ఊహ కాదు, సాక్ష్యం.

ఇవన్నీ ఇచ్చాక వేచి ఉండటమే కష్టం. దరఖాస్తు అందినట్టు ఇచ్చే రసీదు మంజూరు కాదు. ఫోన్లో ‘అయిపోతుందిలే’ అన్నా అది మంజూరు కాదు. మంజూరైన మొత్తం, పనుల జాబితా, గడువు రాసి ఉన్న ఉత్తర్వు చేతికి వచ్చాకే కూలీలను పిలవండి. అప్పటిదాకా కప్పు కారుతుంటే టార్పాలిన్ కప్పండి, ఒరిగిన గోడకు ఆసరా కర్రలు పెట్టండి. ముందు ఫొటో తీసి, ఇది తాత్కాలిక ఏర్పాటని ఆఫీసుకు ఒక ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ మాత్రం చేసుకుంటే టెన్షన్ అక్కర్లేదు.

డబ్బు సాధారణంగా ముందుగా చేతికి రాదు. పని చేయించి, బిల్లులు చూపించాక విడతలుగా వస్తుంది, మీ వాటా కూడా ఉంటుంది. ఆ డబ్బు వచ్చేలోపు చేతిలో పైసలు ఆడకపోవడమే మధ్యవర్తులకు దారి. ‘ఖర్చు నేను పెడతాను, ఖాళీ కొటేషన్ మీద సంతకం చేయండి, వచ్చినదాంట్లో ఇంత ఇవ్వండి’ అంటారు. ఆ కాగితం మీద ఎంత అంకె పడినా సంతకం మీదే. చేయని పనికి బిల్లు పెట్టారని తేలితే రికవరీ నోటీసు మీ ఇంటికే వస్తుంది, ఆ మనిషికి కాదు. చేతిలో ఉన్నంత డబ్బుకు సరిపడా పనే మొదటి విడతగా పెట్టుకుంటానని ఆఫీసులో నేరుగా అడగండి. విడతలకు ఒప్పుకునే పథకాలు ఉన్నాయి.

తిరస్కరణ వచ్చినా బెంబేలెత్తకండి. కారణం రాతలో అడిగి తీసుకోండి. వివరణ చాలదని వెనక్కి పంపితే, కోత ఎక్కడ, అతుకు ఎక్కడ, ఏ సామగ్రి అన్నది చేర్చి, ఫొటోలకు నంబర్లు వేసి, అదే ఫైలు నంబరుతో గడువులోగా మళ్ళీ ఇవ్వండి.