ఫెడరల్ కోర్టు గడప, 4వ పాఠం: కంపెనీది ఏ రాష్ట్రం?

ముందు కిందటి పాఠంలో ఇచ్చిన లెక్క చూద్దాం. ఒక టెక్సాస్ పౌరుడు, ఒక ఒహాయో పౌరుడు కలిసి ఇంకో టెక్సాస్ పౌరుడి మీద లక్ష డాలర్లకు దావా వేశారు. డైవర్సిటీ కింద, అంటే రెండు పక్షాలూ వేర్వేరు రాష్ట్రాలవారన్న కారణంతో, ఫెడరల్ (కేంద్ర) కోర్టు దీన్ని తీసుకోదు. సొమ్ము అందుకు కావలసిన 75,000 డాలర్లు దాటింది, నిజమే. కానీ వాదులకూ ప్రతివాదికీ మధ్య గీత గీస్తే, రెండు వైపులా టెక్సాస్ ఉంది. వాదుల్లో ఏ ఒక్కరి రాష్ట్రమూ ప్రతివాదుల్లో ఎవరి రాష్ట్రంతోనూ కలవకూడదని 1806లో స్ట్రాబ్రిడ్జ్ వర్సెస్ కర్టిస్ కేసులోనే తేలింది.

మనిషి సంగతి తేల్చడం కొంత సులువు. ఎక్కడ స్థిరపడ్డాడో చూస్తాం. కంపెనీకి ఇల్లూ వాకిలీ ఎక్కడివి? ఈ ప్రశ్నతో అమెరికా కోర్టులు రెండు వందల ఏళ్లుగా కుస్తీ పడుతున్నాయి. 1809లో సుప్రీంకోర్టు కంపెనీ వెనకున్న సభ్యులను చూడమంది. 1844లో లెట్సన్ కేసులో మాట మార్చి, ఏ రాష్ట్రంలో నమోదైతే ఆ రాష్ట్రానిదే అంది. ఆ సందులోంచే కెంటకీలోని ఒక ట్యాక్సీ కంపెనీ దూరిపోయింది. రైల్వే స్టేషన్ దగ్గర తనకొక్కదానికే బేరం దక్కేలా చేసుకున్న ఒప్పందం కెంటకీ కోర్టుల్లో నిలబడదు. అందుకని టెన్నెసీలో మళ్లీ నమోదై, ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. 1928లో సుప్రీంకోర్టులోనూ గెలిచింది. కాగితం మార్చి కోర్టును ఎంచుకోవడం నాకైతే అన్యాయంగానే తోస్తుంది.

1958లో కాంగ్రెస్ చట్టం మార్చింది. అప్పటినుంచి కార్పొరేషన్ నమోదైన రాష్ట్రానికీ, దాని ప్రధాన వ్యాపార స్థలమున్న రాష్ట్రానికీ, రెండింటికీ చెందుతుంది. కాబట్టి మీ కాగితం మీద కార్పొరేషన్ పేరు పక్కన ఎప్పుడూ రెండు గళ్లు గీయండి. రెండింటిలో ఏది ఎదుటివైపు కలిసినా డైవర్సిటీ పోయినట్టే.

రెండో గడి నింపడమే కష్టం. అద్దె కార్ల కంపెనీ హెర్ట్జ్ మీద కాలిఫోర్నియా ఉద్యోగులు జీతాల విషయమై అక్కడి స్టేట్ కోర్టులో దావా వేశారు. కంపెనీ కేసును ఫెడరల్ కోర్టుకు మార్పించుకోబోయింది. మిగతా రాష్ట్రాలకంటే వ్యాపారం కాలిఫోర్నియాలోనే ఎక్కువ కాబట్టి ప్రధాన స్థలం అదేనని కింది కోర్టులు అన్నాయి. 2010లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ కొలతను పక్కన పెట్టింది. ఎక్కడ కార్లు ఎక్కువున్నాయని కాదు, పెద్ద అధికారులు ఎక్కడ కూర్చుని కంపెనీని నడిపిస్తున్నారని అడగమంది. దీన్నే నెర్వ్ సెంటర్ అంటారు. మామూలుగా అది హెడ్డాఫీసే, అయితే అక్కడ నిజంగా పని జరగాలి. బోర్డు మీటింగ్ కోసం ఏడాదికోసారి వచ్చిపోయే ఆఫీసు చాలదు.

ఇక ఎల్ఎల్‌సీ. అంటే లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ, ఇది కార్పొరేషన్ కాదు. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. అమెరికాలో మనవాళ్లు పెట్టిన చిన్న కంపెనీల్లో ఎల్ఎల్‌సీలు చాలా ఉంటాయి కాబట్టి జాగ్రత్తగా చదవండి. దీనికి రెండు గళ్ల సూత్రం పనికిరాదు. సభ్యులందరి పౌరసత్వాలూ దానివే. సభ్యుల్లో ఇంకో ఎల్ఎల్‌సీ ఉంటే దాని సభ్యులనూ తవ్వాలి. ఒక సభ్యుడు అమెరికా పౌరసత్వం తీసుకుని, తర్వాత హైదరాబాద్ వచ్చి శాశ్వతంగా స్థిరపడ్డాడనుకోండి. అతను విదేశీయుడు కాడు, ఏ రాష్ట్రానికీ చెందడు. ఆ ఒక్కడి వల్ల మొత్తం ఎల్ఎల్‌సీకి డైవర్సిటీ దారి మూసుకుపోతుంది.

ఈ వారం లెక్క: డెలావేర్‌లో నమోదైన కార్పొరేషన్. గోదాములు, 900 మంది ఉద్యోగులు టెక్సాస్‌లో. సీఈవో, ముఖ్య అధికారులు రోజూ పనిచేసేది చికాగోలో. బోర్డు ఏడాదికోసారి ఫ్లోరిడాలో కలుస్తుంది. టెక్సాస్ పౌరుడు 80,000 డాలర్లకు దావా వేశాడు. గళ్లు నింపండి. తర్వాత అదే కంపెనీ ఎల్ఎల్‌సీ అనీ, దాని ఇద్దరు సభ్యుల్లో ఒకరిది డాలస్ అనీ అనుకుని మళ్లీ నింపండి. దావా వేసిన రోజున ఉన్న పరిస్థితినే లెక్కలోకి తీసుకోండి.