సింథటిక్ ఆయిల్ వాడుతున్నా గడువు మరవకండి

బెంగళూరులో కారు నడిపే మనవాళ్లలో చాలామంది, ఖరీదైన సింథటిక్ ఇంజిన్ ఆయిల్ పోయించాం కాబట్టి పదిహేను వేల కిలోమీటర్ల దాకా బానెట్ ఎత్తనక్కర్లేదని ధీమాగా ఉంటారు. ఆ ధీమా ఈ ఊరి ట్రాఫిక్‌కు సరిపడదు. సిల్క్ బోర్డు కూడలిలోనో, హెబ్బాళ ఫ్లైఓవర్ మీదనో బండి నిలిచిపోయినప్పుడు మీటరు మీద కిలోమీటర్లు పెరగవు గాని, ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ పాతబడుతూనే ఉంటుంది. అందుకే చాలా కంపెనీలు కారుతో ఇచ్చే పుస్తకంలో ఇటువంటి వాడకానికి తక్కువ గడువును విడిగా రాస్తాయి. మనం పాటించవలసింది దానినే. ఇంటి నుంచి మెట్రో స్టేషను దాకా మాత్రమే తిరిగే కారైతే, ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేయడం వల్ల తేమ, కాలని పెట్రోలు ఆయిల్‌లోనే మిగిలిపోతాయి కనుక, కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికోసారి మార్పించడం మంచిది.

ఎంపికలో బ్రాండు పేరు కంటే డబ్బా వెనుక ఉండే చిన్న అక్షరాలు ముఖ్యం. ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే గ్రేడు అక్కడే ఉంటుంది. పుస్తకం 0డబ్ల్యూ-20 అనే పలుచటి గ్రేడు అడిగితే అదే పోయించాలి. ఎండలకు చిక్కటి ఆయిలే మేలని ఎవరు చెప్పినా 20డబ్ల్యూ-50 జోలికి పోవద్దు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న డీజిల్ కారుకు బూడిద తక్కువగా మిగిల్చే రకం తప్పనిసరి. డీజిల్ ఇంజిన్లో కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. నెలకోసారి మాత్రం బండిని చదును నేల మీద ఆపి, కాసేపాగి, ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్‌ను, బయటికి తీసి గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి, ఆయిల్ రెండు గీతల మధ్య ఉందో లేదో చూసుకోండి.