వైజాగ్‌లో గోల్ఫ్ ట్రిప్: కోర్సు కన్నా ముందు నెల చూడండి

సముద్రం పక్కన గోల్ఫ్ అనగానే ఫోటోలు చూసి బుక్ చేసేయకండి. అక్టోబర్, నవంబర్‌లలో తుఫాన్ల టెన్షన్ (హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12నే), మేలో ఉక్కపోత చంపేస్తుంది, అందుకే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య రండి. ఊళ్లో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో 18 హోల్స్ (బంతిని పడేయాల్సిన గుంతలు) ఉన్న కోర్సు, అంటే గోల్ఫ్ మైదానం ఉంది. క్లబ్ కదా, బయటివాళ్లను ఎప్పుడు ఆడనిస్తారో, గ్రీన్ ఫీజు (కోర్సులో ఆడటానికి కట్టే డబ్బు) ఎంతో, క్యాడీ (కిట్ మోసే మనిషి), అద్దెకు కిట్ దొరుకుతాయో లేదో రైలు టికెట్లు తీసుకోకముందే ఫోన్ చేసి కనుక్కోండి. టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) మాత్రం తెల్లారగానే పెట్టుకోండి. ఎండెక్కేకొద్దీ సముద్రపు గాలి ఊపందుకుంటుంది, అప్పుడు ఎదురుగాలిలో ఏడో నంబర్ ఐరన్ (గోల్ఫ్ కర్రల్లో ఒక రకం) సరిపోయే చోట, బంతిని ఇంకా దూరం పంపే ఆరో నంబర్ తీయాల్సిందే. రోజూ కొత్త కోర్సు కావాలనుకునేవాళ్లకు ఈ ఊరు కుదరదు. ఒకపూట ఇంట్లోవాళ్లను భీమిలి తీసుకెళ్లండి, లేదంటే మాటలు పడాల్సి వస్తుంది.