ఒంట్లో దాగిన జంకుకు డప్పు, కూనిరాగం

అద్దె ఇల్లు చూడబోతే "మీరేమోళ్లమ్మా?" అని ఓనర్ అడగ్గానే నా మెడ బిగుసుకుంటుంది, ఊపిరి పైపైనే ఆగిపోతుంది. మాదిగోళ్లమని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. అయినా ఒళ్లు వినదు. దొర గడి ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన తాత, ఆఫీసులో కుర్చీ అంచునే కూర్చునే నాయిన, వాళ్లను చూస్తూ పెరిగిన ఒళ్లిది. అమెరికాలో నల్లజాతివారి తరతరాల గాయాల మీద పనిచేసే థెరపిస్ట్ రెస్మా మెనాకెం కూడా ముందు ఒంటినే పట్టించుకోమంటారు. ఊగడం, కూనిరాగం ఆయన నేర్పేవాటిలో ఉన్నాయి. హైదరాబాద్ అడ్డగుట్టలో మా ఆడవాళ్లం ఆదివారం సాయంత్రాలు డాబా మీద చేసేది ఇది.

గోడకు వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలేలా కూర్చోండి. కళ్లు మూయకండి. ధ్యానమంటే కళ్లు మూయమనే చెప్తారు గానీ, దెబ్బతిన్నవాళ్లకు అప్పుడే పాతవన్నీ మీద పడతాయి. ఎదురుగా నీళ్ల ట్యాంకునో, తీగ మీది బట్టలనో చూడండి. ముక్కుతో గాలి పీల్చి, పెదాలు కలిపి 'మ్‌' అంటూ మెల్లగా వదలండి. పీల్చినదానికన్నా వదిలేది ఎక్కువసేపు సాగాలి. అప్పుడు మెదడు నుంచి గుండె దాకా వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఎద మీద చెయ్యి పెడితే ఆ 'మ్‌' అదురు తెలుస్తుంది. ఐదారుసార్లు చాలు, తల తిరిగితే ఆపేయండి.

ఇక డప్పు. తోలు చల్లబడితే వదులై పలకదు. పాత పేపర్లకు నిప్పంటించి, మంటకు తగలకుండా సెగ మీద తిప్పుతూ కాచండి. వేలితో కొడితే మోత గట్టిగా రావాలి. ఇప్పుడు చిర్రతో, అంటే డప్పు కొట్టే పుల్లతో, ఒక్కటే దెబ్బ కొట్టి, అది పూర్తిగా అణిగేదాకా వినండి. రెండోది కొట్టాలని చెయ్యి తొందరపడుతుంది. ఆ తొందరను గమనిస్తూ ఆగడమే అసలు అభ్యాసం. కాసేపటికి జాతరలో కొట్టే దరువు అందుకుని అందరూ కలిసి అడుగెయ్యండి. సావు డప్పు మాత్రం వద్దు. అది వింటే మా అమ్మకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. శవం ముందు పొద్దంతా కొట్టి, ఎడంగా నిలబడి తువ్వాలలో గింజలు పోయించుకున్న తండ్రి ఆమె కళ్లముందుకొస్తాడు. అమ్మ డప్పు ముట్టదు, మేమూ బలవంతపెట్టం. అరచేతులతో తొడల మీద ఎడమ, కుడి అని మెల్లగా తట్టుకుంటుంది. ఆమెకు అదే హాయి.

ఏడుపొస్తే రానివ్వండి, పక్కన మాత్రం మనిషి ఉండాలి. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా డప్పుతో సరిపెట్టకండి. మనసు బాగాలేనివాళ్ల కోసం సర్కారు నడిపే టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల కూడా ఉంది.

ఎవరైనా నలుగురిలో కులం పేరుతో తిడితే ఊపిరి సర్దుకుని ఊరుకోవద్దు. 1989 అట్రాసిటీ చట్టం ఉంది. తోడు తీసుకెళ్లి ఫిర్యాదు ఇవ్వండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.