పాత సోడా సీసా దొరికితే దాని ఊరూ వయసూ ఎలా కనిపెట్టాలి (మన వైజాగ్ వాళ్ల కోసం)

అటక మీదో, పూర్ణా మార్కెట్ వైపు పాత సామాన్ల కొట్లోనో ఉబ్బెత్తు అక్షరాలున్న సీసా ఒకటి కనిపించిందనుకోండి, దయచేసి వెంటనే కడిగెయ్యకండి. నేను నా మొదటి కలర్ సోడా సీసాని రాత్రంతా సబ్బు నీళ్లలో నానబెట్టేశాను, పొద్దున్నకి కాగితం లేబుల్ ముద్దైపోయింది, అడ్రస్ దానిమీదే ఉండేది, ఇప్పటికీ బాధే. మెత్తటి బ్రష్‌తో దులిపి అన్ని వైపులా, అడుగు కూడా, ఫొటోలు తీసుకోండి. అక్షరాలు అరిగిపోతే పల్చటి కాగితం చుట్టి పెన్సిల్‌తో రుద్దండి, చాలావరకు బయటపడతాయి.

తర్వాత మూత చూడండి. గోలీ సీసాకి హైరం కాడ్ అనే ఇంగ్లండ్ ఆయన 1872లో పేటెంట్ తీసుకున్నాడు కాబట్టి అంతకు ముందుది అయ్యే ఛాన్సే లేదు. సీసాని తలకిందులు చేసి నింపుతారు, లోపలి గ్యాస్ ఒత్తిడికి గోలీ మెడలో ఉన్న రబ్బరు వాషర్‌కి అతుక్కుపోతుంది, అంతే, వేరే బిరడా అక్కర్లేదు. రేకు మూత సీసా అయితే 1892 తర్వాతది. అడుగున బార్న్స్‌లీ (ఇంగ్లండ్‌లో ఊరు), రైలాండ్స్ (అక్కడి సీసాల తయారీదారు) అని ఉంటే గాజు ఇంగ్లండ్‌ది, సోడా మాత్రం ఇక్కడే నింపి ఉండొచ్చు.

అన్నిటికన్నా బాగా పనిచేసేది అడ్రస్. విజగపటం అనో వాల్తేర్ అనో ఇంగ్లిష్‌లో పాత స్పెల్లింగ్ ఉంటే పాతకాలం నాటిదని ఒక అంచనా. మద్రాసు రాష్ట్రం పేరుంటే 1953 అక్టోబర్ 1కి ముందుది అనుకోవచ్చు, ఆంధ్రప్రదేశ్ అని ఉంటే 1956 నవంబర్ తర్వాతది, ధర అణాల్లో ఉంటే 1957కి ముందుది అనుకోవచ్చు (నయాపైసలు వచ్చింది అప్పుడే), పిన్ కోడ్ ఉంటే మాత్రం 1972 తర్వాతే. అనకాపల్లి అడ్రస్‌కి విశాఖపట్నం జిల్లా అని ఉంటే 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోకముందు వేసిన లేబుల్.

ఇక్కడ చాలామంది బోల్తా పడేది మినరల్ వాటర్ అనే మాట దగ్గర. పాత డైరెక్టరీల్లో ఆ మాటకి గ్యాస్ కొట్టిన సోడా అని అర్థం, మన ఇంటికొచ్చే 20 లీటర్ల క్యాన్ కాదు. అసలు ఆ క్యాన్ నీళ్లు కూడా రూల్ ప్రకారం ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటరే, దాని ఐఎస్ (ఇండియన్ స్టాండర్డ్) నంబర్ 14543, నిజమైన మినరల్ వాటర్‌కి నంబర్ ఐఎస్ 13428. సోడాకీ బీరుకీ చుట్టరికం కూడా పాతదే, జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1767లో అక్కడి లీడ్స్ ఊళ్లో తన ఇంటి పక్క బ్రూవరీలో బీరు పులిసే తొట్ల మీద తేలే గ్యాస్‌నే నీళ్లలోకి ఎక్కించాడు. ఇంగ్లండ్‌లో రెండు వ్యాపారాలూ ఒకే కంపెనీ చేసిన ఊళ్లు బోలెడు. ఇప్పటి బీరు సీసా అయితే సులువు, తయారైన చోటు లేబుల్ మీదే ఉంటుంది, బంటుపల్లి అంటే శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గరది.

కాగితాల కోసం ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీ, ఆంధ్రా యూనివర్సిటీలో వీఎస్ కృష్ణా లైబ్రరీ అడగండి. 1907లో వచ్చిన విజగపటం జిల్లా గెజిటీర్ (జిల్లా వివరాలన్నీ ఉండే పుస్తకం) అప్పటి ఊరినీ వ్యాపారాలనీ అర్థం చేసుకోడానికి పనికొస్తుంది. మన జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్ కూడా వదలొద్దు.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ఏ సంవత్సరం అని అడగొద్దు, గుర్తుండదు, పాపం మొహమాటానికి ఏదో ఒకటి చెప్పేస్తారు. "తాతగారూ, మీ పెళ్లప్పుడు సోడా ఎంతుండేదండీ, మిషన్ చేత్తో తిప్పేవారా, గ్యాస్ సిలిండర్ ఎక్కణ్ణించి వచ్చేది" అని అడగండి, మాట అదే కదులుతుంది. 1995లో మద్యనిషేధం వచ్చినప్పుడు సోడా గిరాకీ ఏమైందో తప్పకుండా అడగండి. మా ఊరి కూల్‌డ్రింక్ అని ఎవరైనా ఆర్టోస్ గురించి చెప్తే అది తూర్పుగోదావరి వైపు రామచంద్రపురం నుంచి వచ్చిందని గుర్తుంచుకోండి.

ఇంకొక్క మాట. సీసాలు చేతులు మారేవి, ఒక ఊరి పేరున్న సీసాలో ఇంకో ఊరివాళ్లు సోడా నింపి అమ్మేవారు. అందుకే అక్షరాల్ని మాత్రమే నమ్మి ఫలానా ఫ్యాక్టరీది అని రాసెయ్యకండి, ఏ వీధిలో ఎవరింట్లో ఎప్పుడు దొరికిందో చిన్న అట్టముక్క మీద పెన్సిల్‌తో రాసి సీసా మెడకి దారంతో కట్టండి.