క్లాంప్ తీసే వేళ: పంపు దగ్గర కొత్తగా కూర్చునేవాళ్లకు

ఓపెన్ హార్ట్ ఆపరేషన్‌లో గుండెకు రక్తం ఆపేందుకు అయోర్టా (ప్రధాన ధమని) మీద పెట్టిన క్లాంప్ తీశాక గుండె మళ్లీ కొట్టుకుంటుంటే థియేటర్‌లో అందరికీ టెన్షన్ తగ్గుతుంది. పర్ఫ్యూజనిస్టుగా, అంటే పంపు (హార్ట్-లంగ్ మెషీన్) నడిపే మనిషిగా, నాకు అప్పుడే పెరుగుతుంది. రక్తం లేక నకనకలాడిన కండరానికి అది తిరిగి అందే మొదటి నిమిషాల్లోనే కొత్త దెబ్బ తగలొచ్చు. కణాల్లోకి కాల్షియం ఒక్కసారిగా చొరబడుతుంది, ఫ్రీ రాడికల్స్ పుడతాయి. జెన్నింగ్స్ బృందం కుక్కల గుండెల్లో దీన్ని 1960లోనే గమనించింది.

అందుకే సర్జన్ చివరి కుట్లు వేస్తున్నప్పుడే మీ పని మొదలవ్వాలి. బ్లడ్ గ్యాస్ చూడండి. పొటాషియం, ఆమ్లత్వం సరిచేయించండి. ఆక్సిజన్ ఎంత ఎక్కువైతే అంత మంచిదని గ్యాస్ కలిపే బ్లెండర్ పూర్తిగా తిప్పేయకండి, ఫ్రీ రాడికల్స్‌కు అదే మేత. మీ సెంటర్‌లో 'హాట్ షాట్' ఇస్తుంటే, అంటే క్లాంప్ తీసే ముందు 37 డిగ్రీల దగ్గర వెచ్చని రక్త కార్డియోప్లీజియా (గుండెను ఆపి కాపాడే ద్రావణం), దాన్ని తొందరపడి తోయకండి. ప్రెషర్ చూస్తూ మెల్లగా ఇవ్వండి. లయ తప్పకుండా మెగ్నీషియం, లిగ్నోకైన్ ఇవ్వాలా అని అనస్థటిస్టును ముందే అడగండి.

"క్లాంప్ తీస్తున్నా" అని వినగానే ఫ్లో తగ్గించండి. తీశాక మెల్లగా పెంచండి. మొదటి కొద్ది నిమిషాలు మీన్ ప్రెషర్‌ను (సగటు రక్తపోటు) 50 mmHg చుట్టుపక్కల ఉంచి, తర్వాత పైకి తేవడం నాకు అలవాటు. ఒక చిక్కుంది. కుడి కరోనరీ ధమని ముందువైపు, అంటే పడుకున్న రోగిలో పైన, ఉంటుంది కాబట్టి గుండెలో మిగిలిన గాలి ముందు అందులోకే పోతుంది. ఈసీజీలో ఎస్‌టీ భాగం లేచి (కండరానికి రక్తం అందడం లేదనే గుర్తు), కుడి జఠరిక ఉబ్బితే తక్కువ ప్రెషర్ పనికిరాదు. సర్జన్‌తో చెప్పి పెంచాలి, అప్పుడే గాలి ముందుకు నెట్టుకుపోతుంది.

ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి వణకడం) వస్తే వెంట్ (గుండెలోని రక్తం లాగేసే గొట్టం) మాత్రం ఆపకండి. ఉబ్బిన గుండెలో లోపలి పొరకు రక్తం సరిగా అందదు. గుండె మీదే పెట్టే లోపలి ప్యాడిల్స్‌తో 10 నుంచి 20 జౌల్స్ షాక్ చాలు. లయ కుదిరాక కూడా గుండెను కాసేపు ఖాళీగా కొట్టుకోనివ్వండి. క్లాంప్ సమయం ఎక్కువైన కేసుల్లో రోగిని పంపు నుంచి దింపేందుకు ఎవరు తొందరపెట్టినా ఈ విశ్రాంతి కోసం మర్యాదగా, గట్టిగా అడగండి.

కాల్షియం ఇవ్వడం ఆ తర్వాతి మాట. క్లాంప్ తీసిన వెంటనే వద్దు. కండరం కోలుకున్నాక, అయోనైజ్డ్ కాల్షియం (రక్తంలో విడిగా ఉండే కాల్షియం) రిపోర్టు చూసి, తక్కువుంటేనే.