చవక .32 పిస్టల్ నమ్మకంగా పేలుతుందో లేదో తెలుసుకోవడం ఎలా

మిర్యాలగూడ బియ్యం మిల్లుల వారు, పెట్రోలు బంకుల యజమానులు, రోజూ నగదుతో తిరగవలసిన మరికొందరు ఆత్మరక్షణ కోసం కలెక్టరేటులో దరఖాస్తు చేసి ఆయుధ లైసెన్సు తీసుకుంటారు. 9 ఎం.ఎం. బోరు (గొట్టం లోపలి వెడల్పు) సాధారణ పౌరులకు నిషిద్ధం కాబట్టి వారిలో చాలామంది .32 పిస్టలే కొంటారు. విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యులకు 1980ల నుంచి దాదాపు మూతపడటంతో పాత విదేశీ పిస్టళ్ల ధర అందుబాటులో లేదు. అందువల్ల చేతికి వచ్చేది స్వదేశీ తయారీదో, చేతులు మారిన పాతదో అవుతుంది. ఇలాంటి పిస్టల్ మొరాయించినప్పుడు అందరూ తక్కువ ధరను నిందిస్తారు గాని, లోపం ఎక్కువగా తూటాలు నింపే మ్యాగజైనులోనో, తూటాలోనో, పేరుకున్న మురికిలోనో ఉంటుందని నా దృఢాభిప్రాయం. ఆ మూడింటినీ కొనకముందే పరీక్షించవచ్చు.

ఈ పిస్టళ్లలో వాడే .32 ఏసీపీ తూటాను తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ రూపొందించగా, అది 1899లో వాడుకలోకి వచ్చింది. దీని ఒత్తిడి తక్కువ కనుక ఈ పిస్టళ్లలో సాధారణంగా బ్యారెల్‌ను స్లైడుతో (పేలినప్పుడు వెనక్కి వెళ్లి తిరిగి ముందుకు వచ్చే పైభాగంతో) బిగించే ఏర్పాటు ఉండదు. స్లైడు బరువు, దాన్ని తిరిగి ముందుకు తోసే స్ప్రింగు బలం, ఈ రెండే పేలుడు వేగాన్ని ఆపుతాయి. నిర్మాణం సులువు కావడం వల్లే చవకగా తయారవుతుంది. కాని స్ప్రింగు నీరసిస్తే స్లైడు పూర్తిగా ముందుకు వచ్చి మూసుకోకపోవచ్చు. తూటాలో మందు బలహీనపడినా, పట్టుకున్న మణికట్టు వదులుగా ఉన్నా ఖాళీ తూటా పూర్తిగా బయటపడక మధ్యలో ఇరుక్కుంటుంది.

కొనేటప్పుడు ముందుగా మ్యాగజైను చేతిలోకి తీసుకోండి. పై అంచులు రెండూ ఒకే ఎత్తులో, ఒకే వంపులో ఉండాలి. ఒకటి కొంచెం విచ్చుకున్నా తూటా ముక్కు పైకి లేచి బ్యారెల్ నోటికి తగులుతుంది. లోపలి పలకను వేలితో నొక్కి వదిలితే ఎక్కడా పట్టకుండా పైకి రావాలి. .32 ఏసీపీ తూటా అడుగు అంచు ఒంటి కంటే కొద్దిగా బయటకు ఉంటుంది కాబట్టి నింపేటప్పుడు పై తూటా అంచు కింది దాని అంచుకు ముందు ఉండేలా చూడాలి. వెనక పడితే రెండూ ఒకదానికొకటి పట్టుకుని స్లైడు ఎంత తోసినా కదలవు. ఈ ఒక్క పొరపాటుకే మంచి పిస్టళ్లు కూడా చెడ్డపేరు తెచ్చుకున్నాయి. డీలరు దగ్గర డమ్మీ తూటాలు ఉంటే మ్యాగజైను నిండుగా పెట్టి స్లైడును చేత్తో లాగి వదులుతూ అన్నీ బయటికి రప్పించమని అడగండి. మొదటి తూటా, చివరి తూటా ఎలా ఎక్కాయో ప్రత్యేకంగా గమనించండి.

ఖాళీ తూటాను బయటకు లాగే ఎక్స్‌ట్రాక్టరు కొక్కెం అరిగి గుండ్రబడకూడదు, స్లైడుపై పగుళ్లు ఉండకూడదు. లైసెన్సు లేని నాటు తుపాకుల విషయంలో నమ్మకం అనే ప్రశ్నే లేదు. అవి నేరం, పైగా పట్టుకున్నవాడి చేతిలోనే పగలవచ్చు.

విదేశీయుల సలహాలు చదివి వందల తూటాలు కాల్చి చూడాలనుకోవడం మనకు కుదరదు, ఎందుకంటే లైసెన్సుపై దొరికే తూటాలకు పరిమితి ఉంటుంది. ఉన్న వాటినే లెక్కగా వాడాలి: ఆత్మరక్షణకు ఏ తయారీ తూటాలు పెట్టుకుంటారో అవే, ప్రతి మ్యాగజైను నుంచీ, ఒకసారి నిండుగా, ఒకసారి సగం నింపి కాల్చండి. హైదరాబాదు దాకా వెళ్లవలసి వచ్చినా అనుమతి ఉన్న రేంజిలోనే ఈ పని చేయాలి. చేను దగ్గర, గుట్ట వైపు కాల్చి చూద్దామనుకోవడం చట్టరీత్యానే కాదు, ప్రాణాలరీత్యా కూడా తప్పు. మన ప్రాంతపు నల్లరాతి బండకు తగిలిన గుండు ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

ట్రిగ్గరు నొక్కినా పేలకపోతే పిస్టల్‌ను లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, తూటా ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. శబ్దం మామూలు కంటే మందంగా వస్తే వెంటనే ఆపి, పిస్టల్‌ను ఖాళీ చేసి, గుండు బ్యారెల్‌లో ఇరుక్కోలేదని నిర్ధారించుకోకుండా మళ్లీ కాల్చకండి. .22 పిస్టళ్లలో పేలని తూటాలు ఎక్కువ, ఎందుకంటే ఆ తూటాలో పేలుడు రసాయనం అంచు మడతలో ఉంటుంది, అది అంతటా సమానంగా పరచుకోకపోవచ్చు. ఆత్మరక్షణకు .32 మేలని నేననడానికి ఇదే కారణం.

మిల్లులో పనిచేసేవారికి అసలు శత్రువు తవుడు దుమ్ము. నూనె ఎక్కువ పూస్తే ఆ దుమ్ము దానికి అంటుకుని తూటా అడుగున కొట్టే ఫైరింగ్ పిన్ రంధ్రంలో గోధుమరంగు ముద్దలా పేరుకుంటుంది. పిన్ను నెమ్మదించి తూటాపై లోతుగా తగలదు. మ్యాగజైను తీసి, బ్యారెల్ వెనుక కొసన తూటా కూర్చునే గదిలో (ఛాంబరులో) తూటా లేదని కంటితో, వేలితో చూశాకే శుభ్రం చేయాలి. పలుచగా నూనె రాసి మిగిలింది తుడిచేయాలి. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచకండి, వానాకాలంలో తోలు తేమను పట్టి తుప్పు పుట్టిస్తుంది. పాత పిస్టళ్లలో చాలావాటికి ఫైరింగ్ పిన్‌ను ఆపే అడ్డు ఉండదు, కింద పడితే పేలవచ్చు. గదిలో తూటా ఎక్కించి నడుముకు పెట్టుకోకండి.

ఉమ్మడి నల్లగొండలో హుజూర్‌నగర్, నాగార్జునసాగర్, మునుగోడు ఉప ఎన్నికలు వరుసగా రావడంతో ఎన్నికల వేళ ఆయుధాలను ఠాణాలో అప్పగించడం లైసెన్సుదారుల్లో చాలామందికి అలవాటైంది. అప్పగించే ముందు మ్యాగజైను ఖాళీ చేసి, లోహానికి నూనె పట్టించి, సీరియల్ నంబరుతో రసీదు తీసుకోండి. తిరిగి తెచ్చుకున్నాక బ్యారెల్ లోపల లైటు వేసి చూసి, ఆ నూనె తుడిచి, స్లైడు నునుపుగా కదులుతుందో లేదో పరీక్షించాకే తూటాలు నింపండి. కదలిక బిగుతుగా ఉంటే ఆకురాయి పట్టుకుని సొంతంగా అరగదీయకండి. ఆయుధాల చట్టం, 1959లోని సెక్షన్ 5 ప్రకారం మరమ్మతుకూ లైసెన్సు కావాలి, కాబట్టి లైసెన్సు ఉన్న డీలరుకే ఇవ్వాలి.